కమ్మరి కొలిమి: పనిముట్లు, జాగ్రత్తలు

పంచాయతీ సభ్యులు తమ గ్రామములోని బావులను, వీధిదీపములను, పాఠశాలను అప్పుడప్పుడు చూచి వచ్చుట పరిపాటి. కమ్మరి కొలిమిని అట్లు చూచి వచ్చువారు అరుదు. కర్రు మొద్దుబారినప్పుడో, గొడ్డలికి పదును కావలసినప్పుడో రైతుగా పోవుటయే గాని సభ్యుడుగా పోవుట లేదు. ఒకమారు ఆ విధముగ పోయి చూడుడని కోరుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఉత్తర తెలంగాణమున ఇనుపపని నిన్న మొన్నటిది కాదు. 2016 అక్టోబరులో పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు పెక్కు జిల్లాలుగ విభజింపబడినవి గాని, వాగుల ఇసుకలోని నల్లని ఇనుపరేణువులకు ఆ సరిహద్దులతో పని లేదు. వానిని కడిగి ప్రోగుచేసి, అడవి బొగ్గులతో కరగించి ఇనుము తీసిన తావులలో చిట్టెపు దిబ్బలు నేటికిని కనబడుచున్నవి. 2010లో బెంగుళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వారు, ఇంగ్లండు దేశపు ఎక్సెటర్ విశ్వవిద్యాలయము వారు కలిసి ఈ జిల్లాలలో తిరిగి అట్టి తావులను పెక్కింటిని నమోదు చేసిరి. కరీంనగరు పొలిమేరకు సమీపమున, నిజామాబాదు జిల్లాలో నున్న కోనసముద్రము గ్రామపు ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చి కాచుకొని యుండెడివారు. 1824లో మరణించిన వాయిసీ యను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వర్ణనము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. రెండు రకముల ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూతిని మూసి, ఒక పగలు ఒక రాత్రి ఎడతెగక నిప్పును ఊదెడివారట.

ఆ ఉక్కు కొలుములు ఆరిపోయినవి. కర్రులు సాగగొట్టు కొలిమి మాత్రము మిగిలినది. తండ్రి చేతి క్రింద కుమారుడు తిత్తి నూది, పిమ్మట సమ్మెట పట్టి, చివరకు పట్టుకారు పట్టి నేర్చిన విద్య అది. ఏ దెబ్బకు నిప్పురవ్వ ఏ వైపు ఎగురునో, ఎవరు ఎచ్చట నిలువవలెనో ఆ చదువులోనే ఇమిడి యుండెను. దాగలి పనివాని పిడికిలి ఎత్తున నుండుట, తొట్టిలో నీరు ఎన్నడును తరుగకుండుట, ఎఱ్ఱదనము పోయిన ఇనుమును ఎవ్వరును ముట్టరాదనుట మున్నగునవి వ్రాయబడని శాసనములు. ఈ చివరి దానిని గూర్చి ఒక మాట. ఇనుము 400 డిగ్రీల వేడిమిలోను నల్లగనే కనబడును. ఎఱ్ఱని కడ్డీని చూచి పసివాడును తొలగిపోవును. కొలిమి ప్రక్క నల్లగ పడియున్న ముక్కనే పెద్దలు వంగి తీసికొందురు. అందుచేత వేడి ముక్కలు చల్లారుటకు ఒక మూల ఇసుకమడిని ఏర్పరచి, వానిని అచ్చటనే వేయుట మంచిది.

చిక్కంతయు గడచిన కొలది దశాబ్దములలో కొలిమిలోనికి వచ్చిన క్రొత్త వస్తువులతో వచ్చినది. తోలుతిత్తికి మారుగ కరెంటు పంకా వచ్చినది. అడవి బొగ్గులకు మారుగ పలుచోట్ల సింగరేణి రాక్షసిబొగ్గు వచ్చినది. మెత్తని ఇనుమునకు మారుగ లారీల కమాను పట్టీలు వచ్చినవి. ఆకురాయికి మారుగ గ్రైండరు వచ్చినది. వస్తువులు వచ్చినవి గాని, వానితో కూడ వానిని నేర్పు తండ్రి రాలేదు. నేటి ప్రమాదములకు మూలము ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము.

పంకానే చూతము. తిత్తి నూదువాడు చేయి ఆపిన గాలి ఆగెడిది. ఇప్పుడు కరెంటు పోయిన పంకా తనంతట ఆగును. రాక్షసిబొగ్గు నుండి పుట్టిన వాయువు మెల్లగ వెనుకకు గాలిగొట్టములోనికి చేరును. కరెంటు వచ్చి పంకా తిరుగగనే అది భగ్గున అంటుకొని గొట్టమును పగులగొట్టవచ్చును. గాలి ఆగిన వెంటనే పంకా మీట నొక్కి ఆర్పి, గొట్టము అడుగునగల బూడిద తలుపును తెరచి యుంచిన ఈ భయము లేదు. చాలచోట్ల ఆ తలుపే లేదు.

కమాను పట్టీ మంచి ఉక్కే. కత్తులకు, గొడ్డళ్ళకు అది పనికివచ్చును. కాని ఎఱ్ఱగ కాల్చి నీటిలో ముంచిన అది గాజువలె పెళుసెక్కును. మరల కొంత కాచి ఆ పెళుసును విరువనిదే దానిపై సుత్తి వేయరాదు. గట్టిపరచిన ఉక్కును గట్టిపరచిన ఉక్కుతో కొట్టినపుడు, సుత్తిని సుత్తితో కొట్టినపుడును, ఎగిరిన పెచ్చు కంటిలోనికి దూరును. వాడగా వాడగా పుట్టగొడుగువలె విచ్చుకొనిన ఉలితలయు అట్టిదే. ఆ అంచును అరుగదీయించుటకు కొద్ది నిమిషములు చాలును. సుత్తి కామ వదులైనచో నీటిలో నానబెట్టి పని సాగించు అలవాటు కొందరికి గలదు. ఎండిన పిమ్మట అది మునుపటికంటె వదులగును. చీల దిగగొట్టుటయో, కామ మార్చుటయో తప్ప వేరు మార్గము లేదు.

పాత ఇనుప కొట్టు నుండి తెచ్చిన సామాను విషయమున రెండు నిషేధములు గలవు. రెండు కొనలు మూసియున్న గొట్టమును, బండి షాకబ్జార్బరును, మూత బిగిసిన డబ్బాను నిప్పులో పెట్టరాదు. లోపలి గాలియో, నూనెయో వేడెక్కి అది బాంబువలె ప్రేలును. రెండవది, జింకు పూతగల రేకులను, గొట్టములను కాల్చరాదు. తెల్లని పొగ పీల్చినవానికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరము, ఒళ్ళునొప్పులు కలుగును. పాలు త్రాగిన విరుగునని కొందరి నమ్మకము. పాలు బలమే గాని ఆ పొగకు విరుగుడు కాదు.

గ్రైండరు అన్నిటికంటె క్రూరమైనది. నాలుగు అంగుళముల బిళ్ళ నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. లెక్క కట్టిన దాని అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగమున పోవుచున్నదన్న మాట. బిళ్ళ పగిలినచో ముక్కయు అదే వేగమున వచ్చును. దానిని అడ్డుటకే పైన ఇనుప కప్పు నమర్తురు. పనికి అడ్డమని ఆ కప్పును విప్పి మూలకు వేయనివారు తక్కువ. పెద్ద బిళ్ళ ఎక్కించుటకై విప్పువారును గలరు. చిన్న యంత్రపు వేగమునకు పెద్ద బిళ్ళ తాళదు. భుజముపై తువాలు, వ్రేలాడు చొక్కాచేతులు, నూలు చేతితొడుగులు తిరుగు యంత్రము వద్ద పనికిరావు. నైలాను, టెరిలీను బట్టలు నిప్పురవ్వకు కరగి చర్మమునకు అంటుకొనును. కొలిమి వద్ద నూలుబట్టయే మేలు. కంటికి తెల్లని, ప్రక్కలు మూసిన గట్టి అద్దములు కావలెను. వెల్డింగు నల్లద్దములు కొలిమికి తగవు. ఇనుపరంగు తెలియక పని చెడును.

ఇటీవల వేరొక వర్గము వారును ఈ పనికి పూనుకొనుచున్నారు. చదువుకొన్న యువకులు కొందరు కేవలము ఇష్టముచేత, సెల్‌ఫోనులో చూచి, ఇంటి పెరటిలో కత్తులు చేయ ప్రయత్నించుచున్నారు. మేము వారిని వారింపము. కాని మూసిన గదిలో బొగ్గుల కొలిమి పెట్టినచో వాసన లేని విషవాయువు చేరి మనిషిని నిద్రలోనే చంపగలదని వారికి చెప్పువారుండవలెను. ఊరి కమ్మరి వద్ద కొన్నాళ్ళు సమ్మెట పట్టుట వారికి మేలు, ఆయనకును రెండు చేతులు దొరకును.

ఇక పంచాయతీ చూడదగినవి. కొలిమి గడ్డివాములకు దూరమున, ఈదురుగాలికి మరుగున నున్నదా? పైకప్పు గడ్డియా, రేకులా? ఏప్రిల్, మే నెలల ఎండలలో ఒక్క నిప్పురవ్వ వాడనంతయు దహింపగలదు. కరెంటు మీటరు నుండి వచ్చినదా, తీగెలకు కొక్కెము తగిలించినదా? ఎర్తు వేసినారా? పని చేయించుకొన వచ్చిన రైతులు, వారి వెంట వచ్చిన పిల్లలు దాగలి చుట్టును మూగకుండ ఒక గీత గీచి, అవతల ఒక బల్ల వేయించిన చాలును.

కాలిన చోట పసుపు, సిరా, పండ్లపొడి రాయుట ఇంకను పోలేదు. ఉంగరములు, కడియములు వెంటనే తీసి, 20 నిమిషముల పాటు చల్లని నీటిధార క్రింద నుంచి, శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కంటిలో పెచ్చు దూరినచో నలుపరాదు, బట్టకొనతో తీయ ప్రయత్నింపరాదు. గుచ్చుకొనినదైనచో కన్నునొత్తకుండ గిన్నెవంటిది అడ్డము కట్టి 108 వాహనమును పిలువవలెను.

2023 సెప్టెంబరు 17న ఆరంభింపబడిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున చేర్చిన 18 వృత్తులలో కమ్మరము ఒకటి. శిక్షణకాలమున దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకై 15,000 రూపాయల వరకు సహాయము, 5 శాతము వడ్డీపై మొదట ఒక లక్ష, పిమ్మట రెండు లక్షల రూపాయల ఋణము అందు నిర్ణయింపబడినవి. గ్రామములలో దరఖాస్తుల తొలి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగునట్లు ఏర్పాటు. కనుక ఆ కాగితము ఎదుటకు వచ్చినపుడు సంతకముతో సరిపెట్టక, కొలిమి వద్దకు పోయి పైన చెప్పిన వానిని చూచి రావచ్చును. పనిముట్ల సొమ్ముతో మొదట కొనవలసినవి కంటి అద్దములు, మంచి కామగల సుత్తి, ఇనుపరూపమునకు సరిపడు రెండుమూడు పట్టుకారులు. గ్రైండరు కొన్నచో పెట్టెలో కప్పు ఉన్నదో లేదో అంగడిలోనే విప్పి చూచుకొని, లేనిచో అచ్చటనే తిరిగి ఇచ్చివేయవలెను.