సోడా గ్యాస్: ముల్లు కాదు, తూకం చూడండి

వేసవి పెళ్లిళ్లు దగ్గర పడ్డాయి. బిస్సమ్ కటక్‌లో మన తెలుగువారి విందు అంటే చివర గోలీసోడా పడాల్సిందే. సోడా మిషన్ అద్దెకు తెచ్చేవారు సంఘంలో తరచు అడిగేది ఒకటే: "మీటరు నిండుగా చూపించింది, వడ్డన సగంలోనే గ్యాస్ అయిపోయింది. మోసపోయామా?"

చాలాసార్లు మోసం ఉండదు. సిలిండర్‌లో కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి ద్రవంగా మారి ఉంటుంది. ఆ ద్రవం గ్లాసుడే మిగిలినా ఒత్తిడి తగ్గదు. 20 డిగ్రీల వేడిలో అది గాలి ఒత్తిడికి సుమారు 57 రెట్లు. ద్రవం పూర్తిగా అయ్యాకే ముల్లు పడిపోతుంది. పైగా 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమే ఉండదు, ముల్లు ఎండను బట్టి కూడా కదులుతుంది.

కాబట్టి కాటా వేయండి. ఖాళీ సిలిండర్ బరువు దాని భుజం మీద కొట్టి ఉంటుంది. తూకంలోంచి అది తీసేస్తే మిగిలిందే గ్యాస్. తీసుకునేటప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు రెండుసార్లూ తూచి కాగితం మీద రాయించండి. గుమస్తా బుద్ధి అనుకున్నా సరే! భుజం మీదే పరీక్ష తేదీ కూడా ఉంటుంది, అయిదేళ్లు దాటిందేమో చూడండి.

గ్యాస్ ఆదాకు మంచు నీళ్లు వాడాలి. 30 డిగ్రీల నీటి కంటే 5 డిగ్రీల నీరు రెట్టింపు గ్యాస్ పట్టుకుంటుంది. గోరువెచ్చని నీటితో కొడితే మూత తీయగానే అంతా బుస్సుమని పోతుంది. గోలీని రబ్బరు రింగుకు అదిమి ఉంచేదీ ఆ గ్యాసే. ఈ సీసాను కనిపెట్టిన హైరమ్ కాడ్ 1870లలో ఇంగ్లండ్‌లో పేటెంటు పొందాడు.

విదేశాల్లో ఇంట్లో బీరు కాచుకునే మనవాళ్లూ ఇదే గ్యాస్‌ను పీపాలకు పెడతారు. అమెరికాలో 1978 ఫెడరల్ చట్టం దానికి దారి ఇచ్చింది. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజు వారు వస్తారు. అది మనకొద్దు.

గ్యాస్ వేగంగా లాగితే రెగ్యులేటర్ మంచు పడుతుంది. అప్పుడు మంట చూపకండి, కాసేపు ఆపండి. సిలిండర్‌ను నిలబెట్టి గొలుసుతో కట్టండి, ఎండలో వదలకండి.

ముఖ్యమైనది ఇదీ: ఈ గ్యాస్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, రంగూ వాసనా లేవు. కారితే నేల మీద నిలుస్తుంది. ఒక కిలో నుంచి దాదాపు 500 లీటర్ల గ్యాస్ వస్తుంది. పిల్లలు పడుకునే గదిలో, మెట్ల కింద మూసిన కొట్లో సిలిండర్ పెట్టకూడదు. అలాంటి గదిలో ఎవరైనా పడిపోయి కనిపిస్తే వెంటనే లోపలికి దూకకండి. ముందు తలుపులు, కిటికీలు తెరిచి నలుగురిని పిలవండి.