సుద్దకొండల మీద సైకిల్ బాట

గ్రావెల్ రోడ్డు అంటే మన ఊళ్లలో ఎవరికీ వివరించక్కర్లేదు. ఎర్రమట్టి తోలి, రోలరుతో తొక్కించి, తారు ఎప్పుడు పడుతుందా అని ఏళ్ల తరబడి ఎదురుచూసే రోడ్డు. పక్కనే నున్నటి తారురోడ్డు పెట్టుకుని, లక్షలు పోసి సైకిలు కొనుక్కుని, పనిగట్టుకుని అలాంటి దారి వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు ఉన్నారంటే మాత్రం నమ్మడం కష్టమే. దక్షిణ ఇంగ్లండ్‌లో వాళ్లకు కొదవ లేదు.

లండన్ నుంచి రైల్లో గంట ప్రయాణం చేస్తే వించెస్టర్ వస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన ఆల్ఫ్రెడ్ రాజు కంచు విగ్రహం ఊళ్లో కత్తి పైకెత్తి నిలబడి ఉంటుంది. 1901లో పెట్టారు. ఆయన పేరు పెట్టుకున్న ‘కింగ్ ఆల్ఫ్రెడ్స్ వే’ ఈ ఊళ్లోనే మొదలై, 350 కిలోమీటర్లు చుట్టి మళ్లీ ఈ ఊరికే చేరుతుంది. 1878లో పుట్టిన ‘సైక్లింగ్ యూకే’ సంస్థ 2020లో ఈ దారిని ప్రకటించింది. ప్రకటించింది అనడమే సరి, ఎందుకంటే కొత్తగా వేసిన రోడ్డేమీ లేదు. పొలాల మధ్య బండ్లబాటలు, గుర్రాల దారులు, అడవి దారులు, ఊళ్ల మధ్య చిన్న రోడ్లు కలుపుకుంటూ పోతే స్టోన్‌హెంజ్, ఏవ్‌బరీ రాతి వలయాలు, కొండల మీద ఇనుపయుగం నాటి మట్టికోటలు ఒకదాని తర్వాత ఒకటి తగిలేలా అల్లారంతే.

ఈ దారులకు కావాల్సింది రెండు రకాల సైకిళ్లకు మధ్యరకం. గ్రావెల్ బైక్‌ను దూరం నుంచి చూస్తే రేసు సైకిలే అనిపిస్తుంది. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. దగ్గరికి వెళ్తే తేడా తెలుస్తుంది. రేసు సైకిలు టైరు వెడల్పు 25 నుంచి 30 మిల్లీమీటర్లయితే దీనిది 40 అటూఇటూ ఉంటుంది. గాలి కూడా అందులో సగమే కొడతారు. గట్టిగా కొడితే రాయి తగిలినప్పుడల్లా చక్రం ఎగిరిపడుతుంది, మెత్తగా ఉంటే టైరే రాయిని మింగేస్తుంది. చాలామంది లోపల ట్యూబు కూడా వేయరు. పాలలాంటి ద్రవం పోస్తారు. చిన్న బెజ్జం పడితే అది అక్కడికి చేరి గట్టిపడి దాన్ని మూసేస్తుంది. ఏటవాలు ఎక్కడానికి తేలిక గేర్లు, బురదలోనూ పట్టు వదలని డిస్క్ బ్రేకులు ఉంటాయి.

ఈ ఆటకు పేరు తెచ్చింది అమెరికా. కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియాలో 2006లో మొదలైన 200 మైళ్ల పందెం దీన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. 2022లో ఇటలీలో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా జరిగింది. అయితే పేరు లేకుండానే ఈ పని చేసినవాళ్లు ఇంగ్లండ్‌లో అంతకుముందే ఉన్నారు. 1955లో లెమ్‌స్టర్ అనే చిన్న పట్నంలో కొందరు సైకిలు ప్రియులు కలిసి ‘రఫ్ స్టఫ్ ఫెలోషిప్’ పెట్టుకున్నారు. మామూలు సైకిళ్ల మీదే కొండలూ కనుమలూ దాటేవాళ్లు. తొక్కలేని చోట సైకిలును భుజానికెత్తుకునేవాళ్లు.

దక్షిణ ఇంగ్లండ్ గుట్టల రహస్యమంతా సుద్దలో ఉంది. రాక్షసబల్లుల కాలంలో ఇక్కడ వెచ్చటి సముద్రం ఉండేది. అందులో బతికిన, కంటికి కనపడనంత చిన్న నాచు జీవుల పెంకులు కోట్ల ఏళ్లపాటు అడుగున పేరుకుని తెల్లటి సుద్దరాయి అయ్యాయి. వానపడితే సుద్ద నీటిని నిలవనివ్వదు, లోపలికి పీల్చేసుకుంటుంది. అందుకే కింద లోయలో బంకమట్టి మోకాలి దాకా లాగేస్తున్న రోజున కూడా పైన గట్టు మీద నడవగలిగేవాళ్లు. పూర్వం మనుషులు, మందలు శిఖరాల వెంబడే దారి చేసుకున్నది అందుకే.

ఆ దారుల్లో పేరున్నది ‘రిడ్జ్‌వే’. కనీసం 5,000 ఏళ్లుగా జనం నడుస్తున్నారని చెప్పే ఈ బాటను 1973లో జాతీయ కాలిబాటగా తెరిచారు. ఏవ్‌బరీ దగ్గరి ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగో బీకన్ దాకా 139 కిలోమీటర్లు. దారి పక్కనే కొత్తరాతియుగపు సమాధి ‘వేలాండ్స్ స్మిదీ’ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే అఫింగ్టన్ తెల్లగుర్రం. కొండవాలు మీద గడ్డిని చెక్కి, గాడి తవ్వి, సుద్ద దట్టించి గీసిన 110 మీటర్ల బొమ్మ అది. వయసు సుమారు 3,000 ఏళ్లు. పట్టించుకోకపోతే గడ్డి కమ్మేస్తుంది కాబట్టి తరతరాలుగా జనం దాన్ని శుభ్రం చేస్తూ కొత్త సుద్ద కొడుతూనే ఉన్నారు.

సుద్ద ఎండలో ఎంత మంచిదో తడిస్తే అంత మోసకారి. పైపొర సబ్బులా జారుతుంది. దానికి తోడు సుద్దలో చెకుముకి రాళ్లు పొదిగి ఉంటాయి. ఆదిమానవుడు కత్తులు చేసుకున్న రాయే అది. పగిలిన అంచు తగిలిందంటే టైరు పక్కభాగం బ్లేడుతో కోసినట్టు చీలుతుంది. పాలద్రవం కూడా అక్కడ చేతులెత్తేస్తుంది.

రాళ్లకన్నా తికమక పెట్టేవి చిన్న రంగు బాణాలు. ఇంగ్లండ్‌లో ఇతరుల సొంత పొలాల మీదుగా పోయే ఇలాంటి దారుల్లో కూడా జనానికి వెళ్లే హక్కు ఉంటుంది. ఏ హక్కో గేటు దగ్గరి బాణం రంగు చెబుతుంది. పసుపు బాణం నడిచేవాళ్లకే. నీలం బాణం గుర్రాల దారికి గుర్తు. 1968లో వచ్చిన చట్టం ఆ గుర్రాల దారుల మీదికి సైకిళ్లను రానిచ్చింది, ఒక షరతు పెట్టి. నడిచేవాళ్లకూ గుర్రాలకూ సైకిలే తప్పుకోవాలి. అందుకే వెనక నుంచి వచ్చేవాళ్లు ముందుగానే మెల్లగా పలకరిస్తారు. మనిషి గొంతు వింటే గుర్రం బెదరదు.

ఈ దారుల పటాలు తయారు చేయాలని 1949 చట్టం చెప్పింది. చాలాచోట్ల ఏ ఊరికి ఆ ఊరు తన దారుల వివరాలు విడిగా రాసి పంపింది. ఒక ఊరివాళ్లు గుర్రాల దారి అని రాసిన బాటనే పక్క ఊరివాళ్లు కాలిబాట అని రాసిన సందర్భాలున్నాయి. దాంతో సైకిలు హక్కు ఊరి పొలిమేర దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది. పటాలకెక్కని పాత దారులను 2026లోగా నమోదు చేయాలని 2000లో మరో చట్టం గడువు పెట్టింది. స్వచ్ఛంద కార్యకర్తలు పాత పటాలు, భూమి రికార్డులు తిరగేస్తూ కూర్చున్నారు. గడువును ముందు 2031కి పొడిగించారు. 2024 డిసెంబరులో అసలు గడువే తీసేస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

రంగు బాణాల గొడవ పెద్దగా లేని దారి ‘సౌత్ డౌన్స్ వే’. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్లు, మొత్తం సైకిలు మీద వెళ్లొచ్చు. 1972లో తూర్పు భాగం తెరిచారు, తర్వాత వించెస్టర్ దాకా పొడిగించారు. ఇక్కడి గుట్టల్లో ఏదీ 300 మీటర్ల ఎత్తు లేదు. అలా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. దారి నది దగ్గరికి దిగుతుంది, మళ్లీ గట్టెక్కుతుంది, మళ్లీ దిగుతుంది. చివరికి ఎక్కినదంతా కలిపితే సుమారు 4,000 మీటర్లు తేలుతుంది. మామూలు జనం రెండు మూడు రోజుల్లో పూర్తి చేస్తారు. మొండివాళ్లు కొందరు 24 గంటల్లోగా వెళ్లి తిరిగి వచ్చేశారు కూడా. దారి పొడవునా గేట్లే. తీసిన గేటు వెయ్యకపోతే గొర్రెలమంద రోడ్డున పడుతుంది. చివర్లో నడిచేవాళ్లు సముద్రపు అంచున ‘సెవెన్ సిస్టర్స్’ తెల్లటి కొండచరియల మీదుగా పోతారు. సైకిళ్లకు ఆ భాగ్యం లేదు, జెవింగ్టన్ ఊరి మీదుగా లోపలి దారి పట్టాల్సిందే.

బ్రైటన్‌కు ఉత్తరాన జాక్, జిల్ అనే రెండు పాత గాలిమరలు దాటాక తూర్పుకి పోయే ఈ దారిని వదిలి, దక్షిణంగా దిగే గుర్రాల దారి పడితే, గొర్రెలు మేసే వాలులో తెల్లటి పాలరాతి గుమ్మటం ఒకటి కనిపిస్తుంది. పేరు ‘ఛత్రి’. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన భారత సైనికులకు బ్రైటన్‌లోని రాజప్రాసాదం, రాయల్ పెవిలియన్‌ను ఆసుపత్రిగా మార్చారు. ఆ ఊరి ఆసుపత్రుల్లో కన్నుమూసిన 53 మంది హిందూ, సిక్కు సైనికులకు ఈ వాలులోనే దహన సంస్కారాలు చేశారు. చితులు పేర్చిన చోట కట్టిన ఈ గుమ్మటాన్ని 1921 ఫిబ్రవరి 1న అప్పటి వేల్స్ యువరాజు ఆవిష్కరించారు. గుమ్మటం దాకా కారు రాదు. నడిచో, గుర్రం మీదో, సైకిలు మీదో రావాలి. వచ్చినవాళ్లు సైకిలును కంచెకు ఆనించి, మెట్ల మీద కాసేపు కూర్చుంటారు. కింద బ్రైటన్ ఇళ్లు, వాటి వెనక సముద్రం కనిపిస్తుంటాయి. సీసాలో మిగిలిన నీళ్లు తాగి, తెల్లటి సుద్ద మెత్తిన టైర్లతో మళ్లీ గట్టెక్కుతారు.