రైతు నిలిచిన నేలే రాజ్యం: ఆముక్తమాల్యద రాజనీతి – ఒక పరిశీలన

ప్రవేశిక:
పాలకుడు ఎలా మెలగాలన్న ప్రశ్న దాదాపు ఒకే కాలంలో రెండు దూరదేశాలలో గ్రంథస్థమైంది. ఇటలీలో నికోలో మాకియవెల్లి 1513లో ‘ది ప్రిన్స్’ రచించాడు. ఆయన మరణించిన ఐదేళ్ళకు, 1532లో, అది అచ్చయింది. 1509 నుండి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ చతుర్థాశ్వాసంలో, యామునాచార్యులు తన కుమారునికి రాజ్యం అప్పగించే సందర్భంలో, విస్తారంగా రాజనీతిని చెప్పించాడు. మాకియవెల్లి పదవి కోల్పోయిన ఉద్యోగి. రాయలు సింహాసనం మీద ఉన్న చక్రవర్తి. రాయల నీతికి రాయలసీమ మెట్టనేలతో గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇద్దరి దృష్టి:
1516లో ఎరాస్మస్ రాకుమారుని శిక్షణపై రాసిన గ్రంథం సద్గుణాన్నే పాలనకు పునాదిగా చూపింది. మాకియవెల్లి అందుకు భిన్నంగా, అధికారాన్ని నిలుపుకోవడానికి అవసరమైన నడవడిని చర్చించాడు. రాయలు కూడా కేవలం ధర్మపన్నాలు చెప్పలేదు. వేగుల వ్యవస్థ, దుర్గరక్షణ, ఉద్యోగులపై నిఘా, అటవీజనులతో వ్యవహారం వంటి కఠిన విషయాలు ఆయన నీతిలో ఉన్నాయి. రాబడిని నాలుగు పాళ్ళు చేసి, రెండు పాళ్ళు సైన్యానికి, ఒకటి దానభోగాలకు, ఒకటి బొక్కసానికి కేటాయించాలన్నది అందులో ఒకటి.

ప్రజల ద్వేషం పాలకునికి ప్రమాదమని మాకియవెల్లి హెచ్చరించాడు. వారి ఆస్తి జోలికి పోవద్దన్నాడు. సేద్యాన్ని, వర్తకాన్ని ప్రోత్సహించమన్నాడు. రాయలు మరొక అడుగు ముందుకు వేశాడు. దేశం చిన్నదైనా కుంటలు, కాలువలు తవ్వించి, అరి, కోరులలో పేదరైతుకు వెసులుబాటు ఇస్తే అర్థమూ ధర్మమూ రెండూ పెరుగుతాయన్నాడు. ఇక్కడ రాజు పన్ను వసూలు చేసేవాడే కాదు, పంటకు పెట్టుబడి పెట్టేవాడు కూడా. బాధలకు తాళలేక ప్రజలు వలసపోతే, వారిని తిరిగి పిలవక, వారి పశువులు, ధాన్యం, ఇళ్ళ కలప తనకు దక్కాయని సంతోషించే అధికారిని రణభూమిలోని నక్కతో పోల్చాడు. అటువంటి అధికారి ఉన్న రాజుకు ఎన్ని ద్వీపాలు గెలిచినా మేలు లేదని ఆయన నిర్ణయం.

మెట్టసీమ నేపథ్యం:
వర్షం తక్కువైన సీమలో ఈ మాటల బరువు తెలుస్తుంది. పులివెందుల ప్రాంతంలో, నేడు యురేనియం గనితో పేరొందిన తుమ్మలపల్లె వంటి మెట్ట గ్రామాలలో, చాలినంత నీరు లేకుంటే రైతుకు ఊరు విడవడమే మిగులుతుంది. రైతు వెళ్ళిపోతే పన్నూ లేదు, సైన్యమూ లేదు.

ఈ ఆలోచన రాయలతో మొదలైనది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్ళు పని సాగిందని 1369 నాటి శాసనం చెబుతున్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను ఆ శాసనం పేర్కొన్నది. గట్టిమన్ను నేల, తీయని నీటి ఏరు, దృఢమైన రాతికట్ట, నేర్పరులైన పనివారు వాటిలో ఉన్నాయి. అయితే మొదటి అంగం మాత్రం ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడు అయిన రాజు. అంటే పాలకుని నడవడి చెరువు నిర్మాణంలోనే ఒక భాగం.

ముగింపు:
రాజ్యాన్ని నిలుపుకోవడం ఇద్దరికీ లక్ష్యమే. మాకియవెల్లి ప్రధానంగా ప్రజల ద్వేషానికి గురికాకుండా ఉండే మార్గం చూపాడు. రాయలు రైతు ఊరు విడవకుండా ఉండే స్థితిని కల్పించమన్నాడు. కనుక ఆయన దృష్టిలో పాలకుని నడవడికి కొలమానం గెలిచిన కోటల సంఖ్య కాదు. కరువులోనూ ఊరు విడువక నిలిచిన రైతు.