సలహాకూ హుకుంకూ నడుమ మనిషి పాణం

విమానం కూలిందంటే టీవీలోళ్లు మొదలు అడిగేది ఒక్కటే: బ్లాక్ బాక్సు దొరికిందా? దొరికిందంటే సగం నిజం చేతికొచ్చినట్టే అనుకుంటం మనం. మరి దొరికిన డబ్బాల ఏం లేకుంటే? రికార్డు కావాల్సిన యాల్లకు అది ఆగిపోయి ఉంటే? దాన్ని దొరకబట్టే బ్యాటరీ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటే? ఈ ముచ్చట కూలకముందు ఎవ్వరడుగరు. ఇయ్యాల గదే మాట్లాడుకుందాం.

"మందమర్రిల ఉండేటోళ్లకు విమానాల ముచ్చట ఎందుకన్నా?" అని అడిగే తమ్ముళ్లుంటరు. జర ఆలోచించుండ్రి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల పల్లెల్లకెంచి దుబాయ్, మస్కట్, దోహా పోయినోళ్లు ఎంత మంది? వాళ్లంతా శంషాబాద్ల ఎక్కేది విమానమే కదా. పెద్దోళ్లకు అది షోకు బండి కావచ్చు, మనోళ్లకు మాత్రం బతుకుదెరువు బండి. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరుకు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటిపోయి లోయల పడ్డది. 158 మంది సచ్చిపోయిండ్రు. అండ్ల ఎక్కువ మంది గల్ఫ్ల కష్టం చేసుకునేటోళ్లు, వాళ్ల ఇంటోళ్లు. ఆ తొవ్వల రేపు ఎవరన్నా ఉండొచ్చు.

ఆ మంగళూరు ప్రమాదంల నిజం ఎట్ల బయటపడ్డది? కాక్‌పిట్ల మాటలు రికార్డు చేసే యంత్రం రెండు గంటల చిల్లర సప్పుడు దాచిపెట్టింది. అండ్ల గంటన్నరకు పైగా మాటలే లేవు, గురక సప్పుడు ఉన్నది. కెప్టెన్ నిద్రపోయిండని, లేచినంక తప్పుడు అంచనాతోని దించబోయిండని, "మళ్లీ పైకి లేపుదాం" అని పక్క పైలట్ చెప్పినా ఇనలేదని విచారణల తేలింది. ఆ డబ్బా పని చెయ్యకుంటే ఏమయ్యేది? వాన మీదనో, రన్‌వే మీదనో, దేవుని మీదనో తోసేసేటోళ్లు.

డబ్బాల ఏముంటది?

పేరుకే బ్లాక్ బాక్సు. రంగు మాత్రం నారింజ, కాలిన చెత్తల గూడ కనవడాలని. మామూలుగా రెండుంటయి. ఒకటి ఫ్లైట్ డేటా రికార్డరు: ఎత్తు, వేగం, ఇంజిన్ ఎట్ల నడుస్తున్నది, ఏ స్విచ్చు ఎప్పుడు మారింది, అన్నీ రాసుకుంటది. రెండోది కాక్‌పిట్ వాయిస్ రికార్డరు: పైలట్ల మాటలు, అలారాలు, ఇంజిన్ సప్పుడు వట్టుకుంటది. కొన్ని కొత్త విమానాలల్ల రెండు పనులూ ఒక్క డబ్బే చేస్తది.

దీన్ని ముందుగాల ఆలోచన చేసినాయన ఆస్ట్రేలియా సైంటిస్టు డేవిడ్ వారెన్. ఆయన చిన్నగున్నప్పుడే, 1934ల, నాయిన విమాన ప్రమాదంల పోయిండు. 1950లల్ల కామెట్ అనే జెట్ విమానాలు వరుసగ కూలుతుంటే, లోపలి మాటలు రికార్డు అయితే కారణం దొరుకుతది కదా అని ఆయనకు తట్టింది. మొదట ఆయన దేశమే ఆయన మాట ఇనలేదు. 1960ల క్వీన్స్‌లాండ్ల మకాయ్ దగ్గర విమానం కూలి 29 మంది పోయినంక, కారణం తేలకపోతే, అప్పుడు గాని ఆస్ట్రేలియా దీన్ని తప్పనిసరి చెయ్యలేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. విమాన భద్రత చరిత్రల ఈ సామెత మస్తుసార్లు పనికొస్తది.

లోపలి మెమరీకి గట్టి కవచం ఉంటది. 1,100 డిగ్రీల మంటల గంట సేపు, సముద్రంల 6,000 మీటర్ల లోతుల గూడ తట్టుకోవాలె. దానికి ఒక చిన్న పరికరం తగిలిచ్చి ఉంటది. నీళ్లల్ల పడంగనే అది టిక్ టిక్ మని సంకేతం పంపుతది. పాతయి 30 దినాలు, కొత్తయి 90 దినాలు కొట్టుకుంటయి. అది నడిచేది బ్యాటరీ మీద. బ్యాటరీకి గడువు ఉంటది. అసలు ముచ్చట ఇక్కడ్నే షురూ అయితది.

సప్పుడు చెయ్యని జబ్బు

ఇంజిన్ చెడిపోతే విమానం లేవదు. టైరు పగిలితే కదలదు. కంపెనీకి ఆ పూటనే నష్టం గాబట్టి ఆ పూటనే బాగు చేస్తరు. రికార్డర్ల ఒక భాగం చెడిపోతే ఏమైతది? ఏం గాదు. విమానం మంచిగ లేస్తది, మంచిగ దిగుతది. ప్రయాణికునికి తెల్వదు. పరీక్ష చేసి చూస్తెనే తెలుస్తది, లేకుంటే కూలినంక తెలుస్తది. బాగు చేస్తే కంపెనీకి ఒక్క టికెట్ ఎక్కువ అమ్ముడుపోదు. చెయ్యకుంటే ఒక్క టికెట్ తగ్గదు. అందుకే దీన్ని కంపెనీ మనసుకు ఇడిచిపెడితే నడువదు. మెడ మీద హుకుం ఉండాలె.

ఇది ఉత్త భయం కాదు, జరిగినయే చెప్తున్న.

2014 మార్చి 8న 239 మందితోని మలేషియా విమానం ఎంహెచ్370 మాయమైంది. దాని డేటా రికార్డరుకున్న సంకేత పరికరం బ్యాటరీ గడువు 2012 డిసెంబరుల్నే దాటిపోయిందని తర్వాత నివేదికల బయటపడ్డది. గడువు దాటంగనే బ్యాటరీ సచ్చినట్టు కాదు, కానీ దాని మీద భరోసా మాత్రం ఉండదు. ఏడాదికి పైగా ఆ విమానం దానితోనే ఎగిరింది. ఎవ్వరు పట్టుకోలే. ఆ డబ్బాలు ఇప్పటిదాక దొరకలే.

2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాల మువాన్ దగ్గర జెజు ఎయిర్ విమానం కూలి 179 మంది పోయిండ్రు. డబ్బాలు రెండూ దొరికినయి. కానీ కూలడానికి నాలుగు నిమిషాల ముందుగాల్నే రెండూ రికార్డు చెయ్యడం ఆపేసినయి. కరెంటు పోయినా నడిచే సొంత బ్యాటరీ ఆ విమానంల లేదు. గడియ గడియ విలువైన ఆ నాలుగు నిమిషాలే ఖాళీ.

అదే యేడు జనవరి 5న అమెరికాల అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానానికి గాలిలనే పక్క తలుపు భాగం ఊడిపోయింది. అదృష్టం బాగుండి అందరు బతికిండ్రు. కాక్‌పిట్ మాటలు మాత్రం దొరకలే. ఆ రికార్డరు రెండు గంటలే దాస్తది, ఆ తర్వాత పాతదాని మీద కొత్తది రాసుకుంట పోతది. దిగినంక ఎవ్వరు దాన్ని ఆపలే. ఇప్పుడు 25 గంటలు దాచే రికార్డర్లు పెట్టాలని అమెరికా 2024ల చట్టం చేసింది.

హుకుం ఎట్ల వస్తది?

ఒక భాగంల లోపం ఉన్నదని తెలిస్తే ముందుగాల తయారు చేసిన కంపెనీ ఒక బులెటిన్ పంపుతది: "ఫలానా నంబరు భాగాలల్ల ఈ లోపం కనవడ్డది, మార్చుకోండ్రి" అని. ఇది మామూలుగా సలహా కిందికే వస్తది. లోపంతోని భద్రతకు ముప్పున్నదని సర్కారు సంస్థ అనుకుంటే అప్పుడు ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్ తీస్తది. అమెరికాల ఎఫ్ఏఏ, యూరప్ల ఈఏఎస్ఏ, మన దగ్గర డీజీసీఏ. ఇది హుకుం. ఏ మోడల్ విమానం, ఏ నంబరు భాగం, ఏం చెయ్యాలె, ఎన్ని నెలల్ల లేదా ఎన్ని గంటలు ఎగిరేలోపట చెయ్యాలె, అన్నీ అండ్ల రాసి ఉంటయి. గడువు దాటినా చెయ్యకుంటే ఆ విమానం ఎగురడానికి పనికిరాదని లెక్క. పని చేసిన ఇంజినీరు రికార్డుల సంతకం వెట్టాలె. రేపు ఏదన్న అయితే ఆ సంతకం దొరుకుతది.

సలహాకూ హుకుంకూ తేడా కాగితం మీద ఒక్క మాటే. నేల మీద అది ఎంత తేడానో అహ్మదాబాద్ చెప్పింది.

2025 జూన్ 12న ఎయిర్ ఇండియా 171 విమానం లేచిన కొద్దిసేపట్లనే మెడికల్ కాలేజీ హాస్టల్ మీద కూలింది. విమానంల 241 మంది, కింద 19 మంది, మొత్తం 260 పాణాలు పోయినయి. దాంట్ల రెండు రికార్డర్లు ఉండె. వెనుకది బాగ దెబ్బతిన్నది, మామూలు పద్ధతిల అండ్లకెంచి ఏం తీయలేకపోయిండ్రు. ముందుది బతికింది. ఢిల్లీల ఏఏఐబీ ల్యాబుల అండ్ల నుంచి 49 గంటల డేటా, రెండు గంటల మాటలు తీసిండ్రు. ఇంజిన్లకు ఇంధనం ఇచ్చే రెండు స్విచ్చులు సెకను తేడాతోని "రన్" నుంచి "కటాఫ్"కు మారినయని దాంతోనే తెలిసింది. అవి ఎందుకు మారినయో జులై 12న వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పలేదు. కాబట్టి మనం గూడ ఎవరి మీద వేలు చూపొద్దు.

కానీ ఆ నివేదికల ఇంకో ముచ్చట ఉన్నది. ఆ స్విచ్చులకు ఉండే లాకు కొన్ని విమానాలల్ల సరిగ్గ పడుతలేదు, చూసుకోండ్రి అని 2018 డిసెంబరుల ఎఫ్ఏఏ ఒక సమాచారం పంపింది. అది సలహా, హుకుం కాదు. "తప్పనిసరి కాదు గాబట్టి ఆ తనిఖీ చెయ్యలే" అని ఎయిర్ ఇండియా విచారణ సంస్థకు చెప్పుకున్నది. నివేదిక వచ్చిన రెండు దినాలకే, జులై 14న, డీజీసీఏ హుకుం తీసింది: జులై 21 లోపట తనిఖీ అయిపోవాలె. వారంల అయిపోయింది! లోపం ఏం కనవడలేదని కంపెనీ చెప్పింది. మంచిదే. ఆ స్విచ్చు లాకుతోనే ప్రమాదం అయిందని నేను అంటలేను. నేను అడిగేది ఒక్కటే: వారంల అయ్యే పని ఆరున్నరేండ్లు ఎందుకు ఆగింది? సలహా అన్నరు గాబట్టి.

నిజం లేని కాడ పుకారు మొలుస్తది

రికార్డు ఎందుకు అవసరమో తెలుగోళ్లకు వేరే దేశం పోయి నేర్చుకునే పని లేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖర్ రెడ్డి ఎక్కిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలల పావురాలగుట్ట మీద కూలింది. ఐదుగురు పోయిండ్రు. జాడ దొరకనీకె ఒక దినం వట్టింది. ఆ తర్వాత కుట్ర అని పుకార్లు లేచినయి. 2010 జనవరిల ఒక వెబ్‌సైటుల వచ్చిన రాతను టీవీలు చూపెడితే, ఒక పెద్ద కంపెనీ దుకాణాల మీద రాష్ట్రమంతట దాడులు జరిగినయి. మరి విచారణ కమిటీ దేన్ని పట్టుకొని మాట్లాడింది? కాక్‌పిట్ రికార్డరుల దొరికిన మాటలను. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించి వచ్చిన సమస్యను తేల్చుకునుడుల పైలట్లు ఆరు నిమిషాల దాక మునిగిపోయిండ్రని, ఆ లోపట్నే భయంకరమైన మబ్బులు, గాలిల చిక్కిండ్రని తేల్చింది. ఎవరు నమ్మినా నమ్మకున్నా, మాట్లాడనీకె ఒక ఆధారమన్న ఉన్నది. అది గూడ లేకుంటే పుకారుకు అడ్డేది?

సచ్చినోళ్ల ఇంటోళ్లకు గూడ ఇది పనికొచ్చే ముచ్చటే. అంతర్జాతీయ ప్రయాణాలకు మాంట్రియల్ ఒప్పందం ఉన్నది, మన దేశం 2009ల దాంట్ల చేరింది. ఒక హద్దు దాక నష్టపరిహారం తప్పు ఎవరిదన్న లెక్క లేకుండ ఇయ్యాలె. ఆ హద్దు దాటితే, "మా నిర్లక్ష్యం లేదు" అని చూపించుకునే బరువు కంపెనీ మీదనే ఉంటది. అట్లాంటప్పుడు ఏం జరిగిందో తెల్వకపోతే ఇబ్బంది వడేది ఎవరు? లాయర్ల ఫౌజు ఉన్న కంపెనీనా, కొడుకును పోగొట్టుకున్న ధర్మపురి ముసలమ్మనా?

బాయి మీద గూడ గదే లెక్క

బొగ్గుబాయిల బతికినోళ్లకు ఇది కొత్త చదువు కాదు. బాయి దిగేటోని నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ ఉంటది. గ్యాసు కమ్ముకుంటే ఊపిరి నిలవెట్టేది అదే. దినాం అది ఉత్త బరువే. అది పనికొచ్చే దినం వచ్చిననాడు దాని గడువు దాటి ఉంటే? అండ్ల లోపం ఉంటే? అందుకే దాన్ని పరీక్ష చెయ్యాలని, మార్చాలని గనుల భద్రత రూల్స్ ఉన్నయి. మేనేజరు మంచితనం మీద ఇడిచిపెట్టలే. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిల నీళ్లు దూకి 17 మంది కార్మికులు పోయిండ్రు. బాయిల ఏ బ్లాక్ బాక్సు లేదు. బతికి బయటపడ్డోళ్ల మాటే రికార్డు. విమానంల పడ్డోళ్లకు చాలాసార్లు ఆ మాట చెప్పెటోడు గూడ మిగులడు. డబ్బే సాక్షి. సాక్షి గొంతు పోకుండ చూసుడు సర్కారు పని.

మనం ఏం అడగాలె?

ఒకటి, రికార్డరు భాగాల లోపం తెలిసినప్పుడు సలహాతోని సరిపెట్టొద్దు, గడువు వెట్టి హుకుం ఇయ్యాలె. రెండు, గడువు దాటిన భాగాలు ఎన్ని విమానాలల్ల ఉన్నయో డీజీసీఏ జనం ముందర పెట్టాలె. డీజీసీఏ సమాచార హక్కు చట్టం కిందికి వస్తది. పది రూపాయల దరఖాస్తుతోని ఎవరైనా అడగొచ్చు, ఆన్‌లైన్ల గూడ అడగొచ్చు. మూడు, ఏఏఐబీ నివేదికలు దాని వెబ్‌సైటుల ఉంటయి. ఇంగ్లీషే గావచ్చు, కానీ ఫోన్ల రీల్స్ చూసే గంటల ఒక్క పావు గంట పెడితే అర్థమైతయి. వాట్సాపుల వచ్చిన వీడియో కంటే అది మేలు.

ఈసారి విమాన ప్రమాదం వార్త వస్తే "బ్లాక్ బాక్సు దొరికిందా" అని ఒక్కటే అడగకుండ్రి. "దాని భాగాలు ఆఖరుసారి ఎప్పుడు మార్చిండ్రు, సంతకం ఎవరిది" అని గూడ అడుగుండ్రి. కూలకముందు అడిగితే ఇంకా మంచిది.