చెరువుల లెక్కే వరద హెచ్చరిక

వానను ఆపలేం. అది ఏ దారిన పోతుందో మాత్రం ముందే తెలుసుకోవచ్చు. 2021 నాటి స్వర్ణముఖి ఏటి వరద నుంచి తిరుపతి పక్కనున్న చంద్రగిరి నేర్చుకోవాల్సింది అదే.

2021 నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందనీ, భారీ వర్షాలు తప్పవనీ వాతావరణ శాఖ ముందుగానే హెచ్చరించింది. 18, 19 తేదీల్లో శేషాచలం మీద కుండపోత కురిసింది. తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి కొండెక్కే శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, 2022 మే దాకా భక్తులకు తెరుచుకోలేదు. కల్యాణి డ్యాం నిండి గేట్లెత్తారు. తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టు కోసుకుపోయి ఇళ్లు ఏట్లో పడ్డాయి. వాన వస్తుందని తెలిసీ ఇంత నష్టం జరిగిందంటే, మన అంచనాల్లో లోటు ఆకాశం గురించి కాదు, నేల గురించి.

గోదావరికి వరదొస్తే భద్రాచలం దగ్గర నీటిమట్టం చూసి ధవళేశ్వరంలో జాగ్రత్తపడటానికి ఇంచుమించు ఒక రోజు గడువుంటుంది. స్వర్ణముఖి అలాంటి ఏరు కాదు. చంద్రగిరి పక్క కొండల్లోనే పుట్టి, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకమేటగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల్లో గట్టి వాన పడితే రాతి కొండల వాలు నీళ్లను పీల్చుకోదు, గంటల్లో కిందికి తోసేస్తుంది. ఇక్కడ వాన కొలిచాక హెచ్చరిద్దామంటే ఆలస్యమైపోతుంది. నీళ్లు ఎటు పోతాయో ముందే తెలిసి ఉండాలి.

ఆ సంగతి ఈ సీమకు కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనం మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరుసగా చెప్పింది. చెరువు నిండి మొరవపోయిన నీళ్లు వంకలోంచి కింది చెరువుకు, అక్కడి నుంచి మరో చెరువుకు చేరే గొలుసుకట్టే ఈ ప్రాంతపు వరద పటం. దాన్ని మనమే చెరిపేశాం. తిరుపతి అంచున ఉన్న పేరూరు, అవిలాల చెరువుల భూములను ఇళ్లకోసం కేటాయిస్తే వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చెరువులు ప్రభుత్వం ప్రజల తరఫున కాపాడాల్సిన ఆస్తి అంటూ, అక్కడ కొత్త కట్టడాలు వద్దని 2006లో కోర్టు చెప్పింది. అప్పటికే లేచిన ఇళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

అంత వానకు చెరువులు ఏం ఆగుతాయి, అవే తెగుతాయి కదా అనొచ్చు. నిజమే, ఏ చెరువూ మొత్తం వరదను మింగలేదు. కానీ వేగాన్ని తగ్గిస్తుంది, దారి చూపిస్తుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషులుండాలి. 2021 నవంబరు 19న రాజంపేట వైపు చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. అక్కడ ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని తర్వాత కేంద్ర జలశక్తి మంత్రి పార్లమెంటులో చెప్పారు. అదే వారంలో రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడింది. దిగువ పల్లెలను ఖాళీ చేయించి, ఇసుక మూటలతో కట్టను నిలబెట్టారు. చెరువు తెగలేదు. రెండు చోట్లా వాన తెచ్చింది ఒకే వాయుగుండం, కనిపెట్టుకుని ఉన్న చోట కట్ట నిలిచింది.

ఊరు పెరగాలంటే స్థలం కావాలన్నది మరో వాదన. కావాలి, కాదనలేం. అయితే చెరువు కడుపులో ఇచ్చే స్థలం చౌకైనది కాదు. ఆ ఖర్చు కొన్నవాడు మొదటి పెద్ద వానకు, ప్రభుత్వం ఆ తర్వాత సహాయ నిధి నుంచి కడతారు. భూతాపం వల్ల వానల తీరే మారిందన్న మాట కూడా చెరువులను కాపాడాలన్న వాదనకు బలమే. వానలు ముదిరేకొద్దీ వంకలు వెడల్పుగా ఉండాలి గానీ ఇరుకుగా కాదు.

1977 దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. 2014 హుద్‌హుద్ నాటికి మృతుల సంఖ్య పదుల్లోకి దిగింది. హెచ్చరికకు తోడు తరలించే ఏర్పాటు కుదరబట్టే అది సాధ్యమైంది. చంద్రగిరికీ అదే పద్ధతి కావాలి. ఏటా అక్టోబరుకు ముందే మొరవలు, తూములు, గేట్లు పరీక్షించాలి. రెవెన్యూ పటాల్లోని వంకలను కొలిచి, ఎంత నీటికి ఏ వీధి మునుగుతుందో సచివాలయం గోడమీద రాసిపెట్టాలి. లేఅవుటుకు సంతకం పెట్టే అధికారి ఆ పటం చూశానని కూడా రాసివ్వాలి. అప్పుడు ఇల్లు మునిగితే దైవాధీనం అని తప్పించుకోవడం ఎవరికీ కుదరదు.