ఎముక ఒకసారి విరిగిందా? రెండోసారి విరగకుండా చూసుకోండి

ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కుటుంబాలకు సమాచారం

ఇది ఎవరు చదవాలి?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ వర్తించే కుటుంబాల్లో 50 ఏళ్లు దాటిన ఆడవాళ్లు, 60 దాటిన మగవాళ్లు, వాళ్లను చూసుకునే కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు చదవాలి. ఇంట్లో అవ్వకో తాతకో చదవడం రాకపోతే మీరే చదివి వినిపించండి.

ఎముకలు గుల్లబారడం అంటే ఏమిటి?

ఎముక బయటికి గట్టిగానే కనిపిస్తుంది. లోపల మాత్రం తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉంటుంది. మన ఒంట్లో పాత ఎముక కొంచెం కొంచెంగా కరుగుతూ, కొత్త ఎముక తయారవుతూ ఉంటుంది. వయసు మీదపడ్డాక కరిగేది ఎక్కువ, తయారయ్యేది తక్కువ. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక ఈ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. గళ్లు పెద్దవై, గోడలు పలచబడి, చిన్న దెబ్బకే ఎముక విరుగుతుంది. దీన్నే డాక్టర్లు ఆస్టియోపొరోసిస్ అంటారు.

ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. గుల్లబారిన ఎముక విరిగేదాకా నొప్పి పెట్టదు. మోకాళ్ల నొప్పులు, కీళ్ల అరుగుదల వేరే జబ్బు. "నాకు నొప్పులేమీ లేవు, నా ఎముకలు బాగానే ఉన్నాయి" అనుకోవడానికి లేదు.

మొదటి ఫ్రాక్చరే హెచ్చరిక

ఎక్కువగా విరిగేవి మూడు చోట్ల: మణికట్టు, వెన్నుపూస, తుంటి. చాలామందికి ముందు మణికట్టు విరుగుతుంది. కట్టు కట్టించుకుంటారు, ఆరు వారాలకు తీసేస్తారు, అంతటితో మర్చిపోతారు. నిజానికి అప్పుడే అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: నిలబడినచోటి నుంచి జారి పడినంత మాత్రానికే ఎముక ఎందుకు విరిగింది?

ఒకసారి ఇలా విరిగినవాళ్లకు మళ్లీ విరిగే ప్రమాదం దాదాపు రెట్టింపు ఉంటుంది. మొదటి ఏడాది, రెండేళ్లలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. రెండోసారి తుంటి విరిగితే మనిషి మంచాన పడతారు. తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఐదుగురిలో దాదాపు ఒకరు ఏడాది తిరక్కుండానే చనిపోతున్నారు. బతికినవాళ్లలో చాలామంది మునుపటిలా సొంతంగా నడవలేకపోతున్నారు. అందుకే మణికట్టు విరిగినప్పుడే మేలుకుంటే తుంటిని కాపాడుకోవచ్చు.

వెన్నుపూస విరిగితే చాలామందికి తెలియనే తెలియదు. నడుం పట్టేసిందనుకుంటారు. వయసులో ఉన్నప్పటికంటే ఎత్తు ఒకటిన్నర అంగుళం పైగా తగ్గినా, వీపు గూనిలా వంగుతున్నా వెన్నుకు ఎక్స్‌రే తీయించాలి.

మీ ప్రమాదం ఎంత? ఈ ప్రశ్నలు చూసుకోండి

1. 50 ఏళ్లు దాటాక చిన్నగా పడినందుకే ఎముక విరిగిందా?
2. మీ అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా?
3. 45 ఏళ్లలోపే నెలసరి ఆగిపోయిందా? గర్భసంచి తీసినప్పుడు అండాశయాలు కూడా తీసేశారా?
4. ఆయాసానికో, కీళ్లవాతానికో, ఒళ్లు నొప్పులకో స్టెరాయిడ్ బిళ్లలు మూడు నెలలకు మించి వాడారా?
5. బాగా సన్నగా, బరువు తక్కువగా ఉన్నారా?
6. బీడీ, సిగరెట్, కల్లు, సారా అలవాటు ఉందా?
7. కీళ్లవాతం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నాయా?
8. గడిచిన ఏడాదిలో రెండుసార్లు లేక అంతకుమించి కింద పడ్డారా?

మొదటి ప్రశ్నకు "అవును" అయితే మిగతావి ఎలా ఉన్నా డాక్టర్‌ను కలవండి. మిగతావాటిలో ఏ రెండింటికి "అవును" అన్నా, తర్వాతిసారి బీపీ, షుగర్ మందులకు వెళ్లినప్పుడు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

మూడో ప్రశ్న మన దగ్గర చాలా ముఖ్యం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. చాలామందికి 40 ఏళ్లు నిండకముందే ఈ ఆపరేషన్ అయింది. మీకు అండాశయాలు ఉంచారో తీసేశారో డిశ్చార్జ్ కాగితంలో ఉంటుంది. తెలియకపోతే ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి.

నాలుగో ప్రశ్న కూడా అంతే ముఖ్యం. పేరు తెలియని నొప్పుల బిళ్లలు, పొట్లాల్లో కట్టిచ్చే మందులు ఏళ్లతరబడి వాడుతుంటే వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. అలాగని ఒక్కసారిగా మానేయకండి, అది ప్రాణానికే ప్రమాదం. ఆ మందులు తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. ఎలా తగ్గించుకోవాలో ఆయనే చెప్తారు.

పరీక్షలు ఏముంటాయి?

ఎముక సాంద్రత కొలిచే పరీక్షను డెక్సా అంటారు. ఎక్స్‌రే లాంటిదే, నొప్పి ఉండదు, సూది ఉండదు. రిపోర్టులో టీ-స్కోర్ అని ఒక అంకె ఇస్తారు.

- మైనస్ 1, అంతకన్నా పైన: మామూలు
- మైనస్ 1కి, మైనస్ 2.5కి మధ్య: ఎముక పలచబడింది
- మైనస్ 2.5, అంతకన్నా కింద: గుల్లబారింది

ఈ పరీక్ష పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటుంది. అది దొరకని చోట డాక్టర్లు ఫ్రాక్స్ అనే లెక్క వాడతారు. మీ వయసు, బరువు, ఎత్తు, పైన చెప్పిన ప్రశ్నల్లాంటివాటికి జవాబులు వేస్తే, రాబోయే 10 ఏళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంత శాతమో అది చూపిస్తుంది. డెక్సా లేకుండా కూడా ఈ లెక్క వేయొచ్చు. 40 నుంచి 90 ఏళ్ల వాళ్లకు పనికొస్తుంది.

క్యాంపుల్లో మడమ మీద మిషన్ పెట్టి చెప్పే అంకెను చూసి కంగారు పడొద్దు, నిశ్చింతగానూ ఉండొద్దు. అది ముందస్తు అంచనా మాత్రమే. మందులు మొదలుపెట్టాలా వద్దా అన్నది డాక్టర్ తేల్చాలి.

నల్లగొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల వాళ్లకు ఒక గమనిక. ఫ్లోరోసిస్ ఉంటే డెక్సాలో ఎముక చిక్కగా కనిపించొచ్చు. చిక్కగా ఉన్నంత మాత్రాన గట్టిగా ఉన్నట్టు కాదు. ఎక్కువ ఏళ్లు బోరు నీళ్లు తాగిన సంగతి పరీక్షకు ముందే చెప్పండి.

పడకుండా ఉంటే విరగదు

ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. కుర్చీలో కూర్చోండి. లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోండి. ఎవరైనా పక్కనే ఉండి ఫోన్‌లో టైం చూడాలి. 12 సెకన్లు గానీ, అంతకు మించి గానీ పడితే కింద పడే ప్రమాదం ఉన్నట్టే.

ఇల్లు సర్దుకోండి:

- బాత్రూంలో, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి గోడకు రాడ్ పెట్టించండి. నేల తడిగా ఉంచకండి, పాకర పట్టనివ్వకండి.
- రాత్రి లేచే దారిలో చిన్న లైటు వెలిగించి ఉంచండి.
- జారే పట్టాలు, కాళ్లకు అడ్డం పడే వైర్లు తీసేయండి. గడప కనపడేలా రంగు వేయండి.
- అరిగిన హవాయి చెప్పులు పారేయండి. వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి.
- చీర, పంచె అంచు కాళ్ల కింద పడకుండా కట్టుకోండి.
- పక్క మీంచి లేచేటప్పుడు ముందు కూర్చోండి, నిమిషం ఆగి నిలబడండి. బీపీ మందులు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్త.
- చూపు మసకగా ఉంటే కంటి పరీక్ష చేయించుకోండి. శుక్లాల ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

రోజూ అరగంట నడవండి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. గోడ పట్టుకుని మడమలు పైకెత్తి దించండి. వెన్నుపూస విరిగినవాళ్లు నీళ్ల బిందె వంగి ఎత్తకూడదు.

తిండి, ఎండ

పెద్దవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం కావాలి, నెలసరి ఆగినవాళ్లకు 1200. ఇది మన వంటింట్లోనే దొరుకుతుంది. రెండు గ్లాసుల పాలు లేక పెరుగులో సుమారు 480, రెండు మూడు గుప్పెళ్ల రాగిపిండితో చేసిన జావ లేక సంకటిలో సుమారు 180, మునగాకు కూరలో సుమారు 150, పొట్టు తీయని నువ్వులు రెండు చెంచాల్లో మరో 150. మొత్తం వెయ్యికి దగ్గరకొస్తుంది. రోజూ పప్పో, గుడ్డో తప్పకుండా ఉండాలి. మాంసకృత్తులు లేకపోతే కండ బలం తగ్గి పడిపోతారు.

విటమిన్ డి కోసం చేతులు, కాళ్లకు కాసేపు ఎండ తగలనివ్వండి. 60,000 యూనిట్ల విటమిన్ డి మందు డాక్టర్ చెప్పినన్ని వారాలే వాడాలి. బలానికని ఏళ్లతరబడి వేసుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయి.

మందులు ఎలా వాడాలి?

ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకు కాల్షియం బిళ్లలు ఒక్కటే సరిపోవు. ఎముక కరగకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి.

- ఆలెండ్రోనేట్: వారానికి ఒక బిళ్ల. పొద్దున్నే పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలి. టీతో, పాలతో వద్దు. తర్వాత అరగంట ఏమీ తినకూడదు, పడుకోకూడదు. పడుకుంటే బిళ్ల అన్నవాహికలో పుండు చేస్తుంది.
- జోలెడ్రోనిక్ యాసిడ్: ఏడాదికి ఒకసారి సెలైన్‌తో ఎక్కిస్తారు. ముందు కిడ్నీ పరీక్ష చేయాలి.
- డెనోసుమాబ్: ఆరు నెలలకోసారి ఇంజెక్షన్. తేదీ దాటనివ్వకూడదు. డాక్టర్‌ను అడగకుండా మానేస్తే వెన్నుపూసలు వరుసగా విరిగే ప్రమాదం ఉంది.

పన్ను తీయించుకునే ముందు ఈ మందులు వాడుతున్నట్టు దంత వైద్యుడికి చెప్పండి.

పడిపోతే ఏం చేయాలి?

లేవలేకపోతున్నా, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగినా తుంటి విరిగినట్టే అనుకోండి. లాగకండి, నూనె పెట్టి రుద్దకండి, నడిపించకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. నాటు కట్టు కోసం తిరుగుతూ రోజులు పోగొట్టుకోకండి. తుంటి ఆపరేషన్ సాధ్యమైనంతవరకు 48 గంటల్లో జరగాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఊపిరితిత్తుల్లో నెమ్ము, పడక పుండ్లు, రక్తం గడ్డలు కట్టడం వంటివి ప్రాణం మీదికి తెస్తాయి.

ఆరోగ్యశ్రీ ఎక్కడ ఉపయోగపడుతుంది?

కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పరిమితి ఉంది. 2023 డిసెంబరులో దీన్ని 5 లక్షల నుంచి పెంచారు. ఇది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. ఎముకలు విరిగినప్పుడు చేసే ఆపరేషన్లు చాలావరకు జాబితాలో ఉన్నాయి. డెక్సా పరీక్షకు, ఇంటి దగ్గర వాడే మందులకు డబ్బు కట్టాలా అన్నది ముందే అడగండి.

1. పడినప్పుడు కార్డు వెతుక్కుంటూ ఆగకండి. ముందు మనిషిని ఆసుపత్రికి చేర్చండి, ఆహార భద్రత కార్డు, ఆధార్ వెనక తెప్పించండి.
2. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. మీ కేసు పథకంలోకి వస్తుందా అని ఆయన చూసి చెప్తారు.
3. పథకం కింద ఒప్పుకున్న ఆపరేషన్‌కు విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి. 104కి ఫోన్ చేసి చెప్పండి.
4. డిశ్చార్జ్ అయ్యేముందు డాక్టర్‌ను ఈ మూడు మాటలు అడగండి: ఎముక గుల్లబారిందా? మళ్లీ విరగకుండా ఏ మందు వాడాలి? మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి?

ఈ నాలుగోది చాలామంది వదిలేస్తారు. ఆపరేషన్ విరిగిన ఎముకను అతికిస్తుంది కానీ, మిగతా ఎముకలను గట్టిచేయదు. రెండో తుంటిని కాపాడేది ఆ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబే.

ఫోన్ నంబర్లు: అంబులెన్స్ 108. ఆరోగ్యశ్రీ సమాచారం, ఫిర్యాదులు 104. వృద్ధుల సహాయానికి 14567.

మీ గ్రామంలో చేతికో, కాలికో కట్టు కట్టుకున్న పెద్దవాళ్లు ఉంటే ఈ పీడీఎఫ్ వాళ్ల ఇంటికి కూడా పంపండి.