సంక్రాంతి సెలవులలో రాజమహేంద్రవర యాత్ర: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

పుష్యమాసము వచ్చునప్పటికి సార్వా పంట ఇంటికి చేరును. పాఠశాలలకు సెలవులిత్తురు. పట్టణములలో ఉద్యోగములు చేయువారు స్వగ్రామములకు వత్తురు. రైతు చేతిలో కొంత ధనము, కొంత తీరిక కూడ ఉండును. ఇట్టి సమయమున పలు గ్రామములవారు ఒక బస్సును కుదుర్చుకొని యాత్రలకు బయలుదేరుట పరిపాటి. కొందరు పుణ్యక్షేత్రములకును, కొందరు వినోదమునకును పోవుదురు. ఈ రెండింటితోపాటు గ్రామమునకు ఉపయోగించు జ్ఞానము కూడ లభించునట్లు పంచాయతీ సభ్యులు పూనుకొని యాత్రను ఏర్పాటుచేసినచో, పెట్టిన వ్యయము సార్థకమగును. అట్టి యాత్రకు తగిన నగరములలో గోదావరీ తీరమందలి రాజమహేంద్రవరము ఒకటి.

నగర పరిచయము

మహారాష్ట్రమున నాసిక్ సమీపమందలి త్ర్యంబకేశ్వరమున పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియుచున్నది. ధవళేశ్వరము వరకు ఒకే ప్రవాహముగా వచ్చు నదిని అఖండ గోదావరి యందురు. ఆ అఖండ గోదావరి యెడమగట్టుమీద రాజమహేంద్రవరము వెలసినది. 11వ శతాబ్దమున చాళుక్య ప్రభువైన రాజరాజనరేంద్రుడు ఇచటినుండి రాజ్యమేలెను. ఆయన కోరికమీదనే నన్నయభట్టు మహాభారతమును తెనిగింప నారంభించెను. ఆంగ్లేయుల కాలమునుండి రాజమండ్రి యని వ్యవహారములో నిలిచిన ఈ నగరమునకు 2015లో ప్రభుత్వము రాజమహేంద్రవరము అను పూర్వనామమును తిరిగి ఇచ్చినది. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు ఇది తూర్పుగోదావరి జిల్లాకు కేంద్రమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారము నగర జనసంఖ్య 3 లక్షల 40 వేలకు మించినది. మహానగరముల రద్దీ ఇచట లేదు. రెండు దినములలో ముఖ్యమైన స్థలములన్నియు చూచి రావచ్చును.

బయలుదేరుటకు ముందు

మద్రాసు–హౌరా రైలుమార్గముమీద ఉండుటచే రాజమహేంద్రవరమునకు రైళ్లు అనేకము కలవు. విజయవాడనుండి దూరము సుమారు 150 కిలోమీటర్లు, విశాఖపట్టణమునుండి సుమారు 200 కిలోమీటర్లు. కాని భోగికి ముందు రెండు దినములును, కనుమ పిదప రెండు దినములును రైళ్లలో, బస్సులలో కాలు మోపుటకు చోటుండదు. కావున యాత్రను సెలవుల మొదటి దినములలోనో, ముక్కనుమ గడచి రద్దీ తగ్గిన పిదపనో పెట్టుకొనుట మేలు. పండుగనాడు వస్తుప్రదర్శనశాలలు, గ్రంథాలయములు మూసియుండవచ్చును. చూడదలచిన సంస్థలకు ముందుగా జాబు వ్రాసియో, ఫోను చేసియో, తెరచియుండు వేళలను తెలిసికొనవలెను.

ఈ ఋతువున తెల్లవారుజామున డెల్టా ప్రాంతమున మంచు దట్టముగా పట్టును. ఎదుట వచ్చు బండి కనబడదు. కావున రాత్రి ప్రయాణము మానుకొని, ప్రొద్దు పొడిచి మంచు విడిన పిదప బస్సు కదలునట్లు చూచుకొనవలెను. పోవువారి పేర్ల జాబితాను రెండు ప్రతులుగా వ్రాసి ఒకటి పంచాయతీ కార్యాలయమున ఉంచవలెను. పదిమందికి ఒక బాధ్యుని నియమింపవలెను. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు ఉన్నచోట బాధ్యులలో ఒకరైనను స్త్రీ అయి యుండుట అవసరము. పంచాయతీ నిధులనుండి ఏదైన వ్యయము చేయదలచినచో, నియమములు అందుకు అంగీకరించునో లేదో మండల కార్యాలయమున విచారించి, తీర్మానము చేసి, లెక్కలు గ్రామసభ ముందుంచవలెను.

ధవళేశ్వరము: మొదట చూడవలసిన స్థలము

పంచాయతీ సభ్యులు నగరములో ప్రవేశించుటకు ముందే, దక్షిణమున ఆనుకొనియున్న ధవళేశ్వరమునకు పోవుట ఉచితము. 1832–33 సంవత్సరములలో వచ్చిన నందన కరవు తెలుగు జిల్లాలను పీడించినది. ప్రక్కనే మహానది పారుచున్నను పొలమునకు నీరు లేక గోదావరి మండలమున ప్రజలు ఆకలికి మరణించిరి, వలసపోయిరి. ఈ దుస్థితిని పరిశీలించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ ఇచట ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమును ఒప్పించెను. 1847లో మొదలైన పని 1852లో ముగిసినది. వేలాది కూలీలను సమకూర్చి పనులు నడుపుటలో వీణెం వీరన్న అను తెలుగు ఉద్యోగి కాటనుకు కుడిభుజముగా నిలిచెను.

నది మధ్య లంకలు ఉండుటచే ఆనకట్ట నాలుగు భాగములుగా ఉన్నది. పాత ఆనకట్ట శిథిలమగుటచే దాని స్థానమున 1982 నాటికి నూతన బ్యారేజి నిర్మితమైనది. దీనికి మొత్తము 175 తలుపులు కలవు. ధవళేశ్వరము వద్ద 70, ర్యాలి వద్ద 43, మద్దూరు వద్ద 23, విజ్జేశ్వరము వద్ద 39. ఇచటినుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు బయలుదేరి పది లక్షల ఎకరములకు పైగా తడుపుచున్నవి. కాటను వస్తుప్రదర్శనశాలలో నిర్మాణమునకు సంబంధించిన నమూనాలు, పటములు కలవు.

సంక్రాంతినాటికి ఇచట మరియొక పాఠము కన్నులకు కట్టును. వానకాలమున నిండుగా పారిన నది ఇప్పుడు సన్నగిల్లును. అయినను దాళ్వా వరికి నీరు కావలెను. సీలేరు జలవిద్యుత్ కేంద్రములనుండి వదలు నీరు చేరి ఈ కొరతను కొంత తీర్చుచున్నది. నీరు చాలని సంవత్సరములలో కాలువలకు వంతులు పెట్టుదురు. ఎగువవాడు తన వంతుకు మించి నీరు మలుపుకొన్నచో శివారు పొలము ఎండును. ఇది ఇంజనీర్లు మాత్రమే తీర్చగల సమస్య కాదు. కాలువలోని తూటికాడను, గుఱ్ఱపుడెక్కను తీయించుట, బోదెల పూడిక తొలగించుట, వంతులను గౌరవించునట్లు రైతులను ఒప్పించుట గ్రామములు చేయవలసిన పనులు. డెల్టాకు చెందని గ్రామముల సభ్యులు కూడ తమ చెఱువు తూములను, పంటకాలువలను తలచుకొని ఈ విషయమును గ్రహింపవచ్చును.

బ్యారేజివద్ద వరద హెచ్చరికల సంగతి కూడ అడిగి తెలిసికొనవలెను. ఇచట నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ యగును. మొదటి హెచ్చరికనాటికి సుమారు 10 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోవుచుండును. క్యూసెక్కనగా సెకనుకు ఒక ఘనపుటడుగు. 1986 ఆగస్టులో వచ్చిన మహా వరదయందు ఇది సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరినది. రేడియోలోనో, టెలివిజనులోనో వినబడు అంకెకు అర్థము తెలిసిన సభ్యుడు తన గ్రామమున పశువులను, వృద్ధులను ఎప్పుడు మెరకకు చేర్చవలెనో నిర్ణయింపగలడు.

నగరములో చూడదగినవి

కందుకూరి వీరేశలింగము పంతులు గారు 1848లో ఈ నగరముననే జన్మించిరి. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన ఈ ఊరిలో ప్రథమ వితంతు వివాహమును జరిపించిరి. ఆనాడు బంధువులు, కులపెద్దలు ఎదిరించినను ఆయనయు, ఆయన సతి రాజ్యలక్ష్మమ్మ గారును వెనుదీయలేదు. వారి నివాసగృహమును స్మారకముగా కాపాడుచున్నారు. బాల్యవివాహములను ఆపవలసిన బాధ్యత నేటికిని గ్రామ పెద్దలమీద ఉన్నది గనుక, ఈ గృహమును కేవలము పాత ఇల్లుగా చూచి రారాదు.

గౌతమీ గ్రంథాలయము తెలుగుదేశమందలి పెద్ద గ్రంథాలయములలో ఒకటి. నాళం కృష్ణారావు గారు, వసురాయకవి యని ప్రసిద్ధులైన వడ్డాది సుబ్బారాయుడు గారు వేర్వేరుగా నెలకొల్పిన గ్రంథాలయముల కలయికతో ఇది ఏర్పడినది. పూర్వపు తాళపత్రములు, పాత పత్రికల సంపుటములు ఇచట భద్రపరచబడినవి. కొద్దిమంది విద్యాభిమానుల చొరవ ఎంత దూరము పోవునో గ్రామ గ్రంథాలయమును తెరువజూచువారు ఇచట గ్రహింపగలరు.

దామెర్ల రామారావు చిత్రశాలను పిల్లలకు తప్పక చూపవలెను. 1897లో జన్మించిన ఈ చిత్రకారుడు తెలుగువారి జీవితమును, స్త్రీలను, గోదావరీ తీరమును మనోహరముగా చిత్రించెను. 1925లో మశూచి సోకి ఇరువదియెనిమిదేండ్ల లోపుననే మరణించెను. ఆ మశూచి నేడు లోకమున లేదు. ఊరూరను తిరిగి టీకాలు వేయుటవలన అది తొలగిపోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. పిల్లలకు టీకా వేయింప సందేహించు తల్లిదండ్రులకు చెప్పుటకు ఇంతకన్న తగిన ఉదాహరణము వేరొకటి వలదు.

సాయంకాలమున గోదావరి గట్టునకు పోయి వంతెనలను చూడవచ్చును. 1900లో రైళ్లు నడచిన హేవలాకు వంతెన 56 అంకణములతో నేటికిని నిలిచియున్నది. 1997లో దానిమీద రైళ్లను ఆపివేసిరి. 1974లో ప్రారంభమైన రోడ్డు–రైలు వంతెన, విల్లువంటి కమానులు గల రైలు వంతెన, 2015లో తెరచిన నాలుగవ వంతెన, ఇవన్నియు కొవ్వూరు వైపు తీరమును నగరముతో కలుపుచున్నవి.

కడియము, ఆత్రేయపురము

రెండవ దినమున నగరమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరముననున్న కడియము, కడియపులంక గ్రామములకు పోవలెను. ఒండ్రునేల, కాలువనీరు, అంట్లు కట్టుటలో తరతరముల నేర్పు కలిసి ఈ గ్రామములను నర్సరీలకు పుట్టినిల్లుగా చేసినవి. చలికాలమున బంతి, చేమంతి మున్నగు పూలతో తోటలు కన్నులపండువగా ఉండును. మొక్కలు కొనుటకు మాత్రము తొందరపడవలదు. మాఘములో నాటిన మొక్కకు వేసవియంతయు నీరు పోయవలెను. ఇప్పుడు చూచి, ధరలు వ్రాసికొని, తొలకరి వానలకు వేప, కానుగ, నేరేడు వంటి గట్టి జాతులను తెప్పించి వీథులలో నాటించుట లాభకరము.

వీలున్నచో కోనసీమలోని ఆత్రేయపురమును కూడ చూడవచ్చును. బోర్లించిన కుండను వేడిచేసి, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను దానిమీద లాగి, కాగితమువంటి రేకులను తీసి పూతరేకులు చుట్టుట ఇచటి స్త్రీల కళ. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంటిపనిగా ఉన్న నేర్పు ఊరి జీవనాధారమైన తీరును మహిళా సంఘములవారు ఇచట చూచి నేర్చుకొనవచ్చును.

నదికడ జాగ్రత్తలు

ఈ వ్యాసమున అన్నిటికంటె ముఖ్యమైన భాగము ఇదియే. శీతకాలపు గోదావరి నిశ్చలముగా, నిర్మలముగా కనబడును. ఆ నిశ్చలతను నమ్మరాదు. బ్యారేజి వెనుక నీరు నిలిచియుండుటచే ఈ కాలమందును రేవులకు కొద్ది దూరములోనే లోతు ఉండును. ఇసుక తీసిన గోతులు నీటి అడుగున కనబడవు. ఈత వచ్చిన యువకులే ధైర్యముతో ముందుకు పోయి మునుగుచుండుట తరచుగా వినుచున్నాము. కావున మెట్లు కట్టిన రేవులలో, మెట్లమీదనే నిలిచి స్నానము చేయవలెను. పిల్లల చేయి విడువరాదు. ఒకడు మునిగినచో వేరొకడు దూకుటకు మారు త్రాడునో, వెదురుబొంగునో, గాలి నింపిన ట్యూబునో అందింపవలెను. ఇవి ముందే రేవునకు తీసికొనిపోవుట బాధ్యుల విధి.

2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలకు పోవుచున్న పడవ దేవీపట్నము మండలమందలి కచ్చులూరువద్ద మునిగి సుమారు ఏబదిమంది ప్రాణములు కోల్పోయిరి. నది అప్పుడు వరదలో ఉన్నది. ఆ పిదప నిలిచిపోయిన విహారము నిబంధనలతో మరల మొదలైనది. పడవ ఎక్కదలచువారు అనుమతి గల పడవనే ఎన్నుకొనవలెను. ప్రాణరక్షక కోటు ప్రతివారికి ఉన్నదో లేదో లెక్కించి, తొడిగికొనిన పిదపనే పడవను కదలనీయవలెను. పరిమితికి మించి జనమును ఎక్కించినచో, కట్టిన రుసుము పోయినను దిగిపోవుటయే వివేకము.

2015 జూలై 14వ తేదీన, పుష్కరముల మొదటినాడు, పుష్కర రేవువద్ద జరిగిన త్రొక్కిసలాటలో ఇరువదిమందికి పైగా మరణించిరి. అందరును ఒకే రేవునకు, ఒకే వేళకు చేరవలెనను ఆత్రముతో ఉన్న జనసమూహమున ఇట్టి ప్రమాదము సంభవించును. నది పొడవున రేవులు అనేకము కలవు. ఏ రేవున మునిగినను అదే గోదావరి. 2027లో మరల పుష్కరములు వచ్చుచున్నవి గనుక ఈ మాటను మన గ్రామములలో ఇప్పటినుండియే చెప్పవలెను.

తిరిగి వచ్చిన పిదప

యాత్ర ముగిసిన వారము దినములలో గ్రామసభను సమావేశపరచి, పోయివచ్చినవారిచే చూచిన సంగతులను చెప్పింపవలెను. మన కాలువ శివారు వరకు పారుచున్నదా? మన ఊరి బాలికలు ఎన్నవ తరగతితో చదువు మానుచున్నారు? మన చెఱువు రేవున మెట్లు, త్రాడు ఉన్నవా? ఈ మూడు ప్రశ్నలకు సభలో సమాధానములు వెదకి, ఒక్కొక్కదానికి ఒక్క తీర్మానమైనను చేసినచో, రాజమహేంద్రవర యాత్ర వేడుకగానే గాక ఊరి మేలుకును ఉపకరించినదగును. రానున్న సంక్రాంతికి ముందే పంచాయతీలు ఈ ఏర్పాట్లను ఆలోచించుకొందురుగాక.